తిడితేగానీ ఆడని వాలీబాల్ టీము

నా గొంతు ఇట్టా ఎందుకు పోయిందని అడగమాకండి. సరే, అడిగారు కాబట్టి చెబుతా. ముందు టీ చెప్పండి, కాస్త అల్లం వేసి. మొన్న శనివారం నరసరావుపేటలో నన్ను వాలీబాల్ గ్రౌండు నించి బయటికి పంపించారు. పంపించారని మర్యాద కోసం అంటున్నా. నిజానికి ఇద్దరు వాలంటీర్లు చెరో రెక్కా పట్టుకుని మోసుకుపోయారు. నేను చేసిన నేరం ఏందంటారా? నా పిల్లల్ని నేను తిట్టా. అదీ వాళ్ళ బాగు కోరి!

అప్పుడే నవ్వమాకండయ్యా. మొదట్నించీ వినండి.

మన రత్నం తెలుసుగా? ఐదో ఫారం చదువుతున్నాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మిరపతోటల్లో కూలికి పోయే మరియమ్మ కొడుకు. మన టీముకి వాడే ప్రాణం. మీరు ఆట సరిగ్గా చూసుండరు గనక చెబుతా. అవతల నించొచ్చిన బంతిని వెనకాలోడు ఎత్తి నెట్టు దగ్గరికి పంపిస్తాడు. అక్కడ నిలబడ్డోడు దాన్ని వేళ్ళ కొసల్తో, దూదిని ఎగరేసినట్టు మెత్తగా పైకి లేపాలి. దాన్నే లిఫ్టు అంటాం. అప్పుడు ఇంకోడు ఎగిరి ఒక్కటి పీకుతాడు. జనం పీకినోడికి చప్పట్లు కొడతారు గానీ, ఆటంతా ఆ లేపినోడి వేళ్ళలో ఉంటది. వేళ్ళు కాస్త బిగుసుకున్నాయా, బంతి టప్పుమని రెండుసార్లు తగులుద్ది. అంపైరు విజిలేస్తాడు. అంతే.

రత్నం వేళ్ళు బంగారం. మన గ్రౌండులో, మన పిల్లల మధ్య ఆడేటప్పుడు వాడు లేపిన బంతి గాల్లో ఒక్క క్షణం కూర్చున్నట్టు ఉంటది. కానీ నలుగురు చూస్తున్నారంటే చాలు, ఆ వేళ్ళే చీపురు పుల్లలైపోతయ్. పోయినేడు మాచర్లలో చూశాం గదా. అక్కడి జనం ఊరుకునే రకమా? కిరసనాయిలు డబ్బాలు వాయించారు, ఈలలేశారు. ఒకడైతే, "ఒరేయ్ బక్కోడా! అది బంతిరా, ఉడుకుడుకు జొన్న సంగటి కాదు, వేళ్ళు కాలవులే!" అన్నాడు. అంతే, రత్నం పనైపోయింది. వాడు లేపినవి లేపినట్టే తప్పులు. వాడి భయం చూసి కోటయ్యకి కోపం. కోటయ్య అంటే మన షాట్లు కొట్టేవాడు, దున్నపోతంత బలం. కోపమొస్తే ఇంకా గట్టిగా కొడతాడు. గట్టిగా కొడితే బంతి గీత దాటి ఎక్కడో పడుద్ది. ఒకడి భయం, ఒకడి కోపం, మిగతా నలుగురి దిగులు. ఓడిపోయాం. రత్నం కోర్టు మధ్యలో కూలబడి ఏడిచాడు.

ఆ తరవాత నెలల తరబడి వాడు బంతి ముట్టుకోలా. వాళ్ళింటికి పోతే మరియమ్మ ఏమందో తెలుసా? "మాస్టారయ్యా, పిల్లోడు నిద్దట్లో కూడా చేతులు పైకెత్తుతున్నాడయ్యా. ఏదో పట్టుకోబోయి జారిపోయినట్టు ఉలిక్కిపడి లేస్తన్నాడు. అదేం ఆటయ్యా, ప్రాణం తోడేసే ఆట?"

నేను బతిమాలా. ఒక్కసారి, ఈ ఒక్కసారి నరసరావుపేట మ్యాచీకి పంపమన్నా.

"పంపిస్తా. ఈసారి కూడా ఏడుచుకుంటా ఇంటికొచ్చాడా, ఇంక మీరు మా గుమ్మం తొక్కమాకండి" అంది.

ఇదయ్యా నా నెత్తిన పడ్డ బరువు. కప్పు కోసం కాదు. ఆ పిల్లోడి చేతులు మళ్ళా చేతులవ్వాలి. నాకు అన్నం సయించలా. డ్రిల్లు క్లాసులో 'అటెన్షన్' అనబోయి 'రత్నం' అంటున్నా.

అప్పుడు తట్టింది నాకు మహత్తరమైన ఐడియా! మా ట్రెయినింగు కాలేజీలో ఒక ముసలి సారు చెబుతుండేవాడు, "భయం అలవాటైతే ఇంక భయం కాదురా" అని. మన పిల్లల భయం దేనికి? తిట్లకి, గోలకి. మరి రోజూ తిట్టిస్తే? రోజూ గోల చేయిస్తే? అలవాటైపోదూ!

సాయంత్రం బడి వదలగానే రోడ్డు మీదికి పోయా. పొలాల నించి వచ్చేవాళ్ళని, సంత నించి పోయేవాళ్ళని ఆపి, "కాసేపు మా గ్రౌండుకొచ్చి మా పిల్లల్ని తిట్టి పోండయ్యా" అని అడిగా. నన్ను ఎగాదిగా చూశారు.

"ఏంది మాస్టారూ, ఊరికినే ఎట్టా తిడతాం? కారణం ఉండాలిగా" అన్నాడు ఒక పెద్దాయన.

అదీ నిజమే. మనోళ్ళు కారణం లేకుండా తిట్టరు, కారణం దొరికితే వదలరు. చివరికి గోంగూర అమ్ముకునే పుల్లమ్మత్త ఆదుకుంది. గంప కింద పెట్టి, కొంగు నడుముకు చుట్టి, "ఎవుర్ని తిట్టాలయ్యా?" అంది, అదేదో కూలి పని ఒప్పుకున్నంత మామూలుగా. రత్నాన్ని చూపించా. వాణ్ణి కింద నించి మీదికి ఒక చూపు చూసి మొదలెట్టింది.

"ఒరేయ్ చింతబరికా! ఆ చేతులేందిరా, ఎండబెట్టిన మునక్కాయల్లాగా! బంతి నీ మీదికి రాలేదురా, నిన్ను చూసి జాలిపడి వచ్చింది!"

ఆహా! ఒక్క బూతు మాట లేదు, ఒక్క తడబాటు లేదు. నేను నోరెళ్ళబెట్టా. రత్నం మొగం మాత్రం పాలిపోయింది. బంతి వాడి చేతుల మధ్య నించి జారి నెత్తి మీద పడింది.

రెండో రోజు ఇంకో పదిమంది పోగయ్యారు. వారం తిరిగేసరికి మన గ్రౌండు తిరనాళ్ళయిపోయింది. డబ్బాలొచ్చినయ్, ఈలలొచ్చినయ్. సాగరం డాము పనికి మాచర్ల వైపు పోయే లారీలు కూడా ఆగటం మొదలెట్టినయ్. డ్రైవర్లు దిగి, టీ తాగుతా, రెండు తిట్లు తిట్టి, హారన్ కొట్టి పోయేవాళ్ళు. ఒకరోజు కోటయ్య నాయన కూడా వచ్చాడు. ఆయనకి ఆటా తెలవదు, ఏమీ తెలవదు. "గేదెకి కుడితి పెట్టకుండా ఇక్కడ ఎగురుతున్నావంట్రా! పద ఇంటికి, నీ సంగతి చెబుతా!" అని నిజం తిట్లే తిట్టాడు. అందరూ ఆయనవే ఎక్కువ బాగున్నయ్యన్నారు.

నేను మాత్రం రోజూ రత్నం వేళ్ళే చూస్తున్నా. వారం దాకా అదే టప్పు, అదే తప్పు. ఇంకా చెడగొట్టానా ఏందిరా నాయనా అనుకున్నా. ఆ తరవాత ఒక సాయంత్రం పుల్లమ్మత్త ఏదో అంటే రత్నం ఫక్కున నవ్వాడు. నవ్వుతానే బంతి లేపాడు. అది గాల్లో కూర్చుంది! అచ్చం మునపటిలాగా! కోటయ్య ఎగిరి కొట్టిన దెబ్బకి అవతల దుమ్ము లేచింది. డబ్బాలు మోగిపోయినయ్. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్యంటే నమ్మండి. ఇంక మనకి తిరుగులేదు, పేటలో ఎంతమంది వచ్చి ఎన్ని తిట్టినా మనోళ్ళకి పాటకి తాళం వేసినట్టే ఉంటది అనుకున్నా.

శనివారం పొద్దున్నే రైలెక్కాం. పిల్లలు చెక్క బల్లల మీద ఒకడి మీద ఒకడు పడి హాయిగా నిద్దరపోయారు. నాకా, ముచ్చెమటలు. బంతి సంచీలో ఉందో లేదో స్టేషను స్టేషనుకీ తడిమి చూసుకుంటున్నా. పక్కన కూర్చున్న ఆవిడ, "కోడి పిల్లనేమన్నా దాచావా నాయనా?" అని కూడా అడిగింది.

పేటలో మ్యాచీ పెట్టిన స్కూలు పేరెందుకులెండి. చానా గొప్ప స్కూలు. కోర్టుకి సున్నం గీతలు స్కేలు పెట్టి గీసినట్టున్నయ్. చుట్టూ పిల్లలు వరసలు వరసలుగా, చేతులు కట్టుకుని కూర్చున్నారు. అంతమంది ఉన్నా ఒక్కడూ కిక్కురుమనట్లా. నాకు అప్పుడే కాస్త అనుమానమేసింది. ఇంతలో కోటు వేసుకున్న ఒక పెద్దాయన, ఆయనే అంపైరు, విజిలు వేసి లేచి చెప్పాడు. "ఆటగాళ్ళ ఏకాగ్రతకు భంగం కలగకూడదు. ఎవరూ నోరు విప్పరాదు. విప్పినవారిని బయటికి పంపుతాం. పాయింటు వచ్చినప్పుడు మాత్రం మర్యాదగా చప్పట్లు కొట్టవచ్చు."

నా పై ప్రాణాలు పైనే పోయినయ్.

మొదలైంది. అంత పెద్ద గ్రౌండులో బంతి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. బడిలో ప్రార్థన జరుగుతున్నట్టుంది. రత్నం మొదటి బంతి లేపాడు. టప్పు! ఆ టప్పు ఆ మూల నించి ఈ మూల దాకా వినపడింది. రత్నం ఉలిక్కిపడి తన చేతులు తనే చూసుకున్నాడు. విజిలు. రెండోది, టప్పు. విజిలు. కోటయ్య పళ్ళు నూరుతున్నాడు, ఆ నూరుడు కూడా నాకు వినపడుతుంది! వాడు కొట్టిన బంతి గీత దాటి, వరసలో కూర్చున్న ఒక అయ్యవారి ఒళ్ళో పడింది. ఆయన చిరునవ్వు నవ్వి, తుడిచి మరీ వెనక్కిచ్చాడు. ఆ మర్యాదకి మనోళ్ళు ఇంకా బిగుసుకుపోయారు.

మొదటి గేము పోయింది. మూడింటిలో రెండు గెలవాలి. మధ్యలో పిల్లలు నీళ్ళు తాగుతుంటే రత్నం దగ్గరికి పోయా.

"ఏందిరా? ఇక్కడ ఎవరూ ఏమీ అనట్లేదుగా. ఇంక భయమేందిరా?"

వాడు మెల్లగా, ఎవరన్నా వింటారేమోనని చూసుకుంటా అన్నాడు. "అదే సార్. ఎవురూ ఏమీ అనట్లా. లోపల ఏమనుకుంటున్నారో ఏమో తెలవట్లా. పుల్లమ్మత్త అయితే అనేసేది."

విన్నారా? తిడితే భయపడే పిల్లోణ్ణి తీసుకెళ్ళి, తిట్టకపోతే భయపడే పిల్లోణ్ణి చేశాను నేను! మరియమ్మ గుమ్మం కళ్ళ ముందు ఆడింది.

రెండో గేము మొదలైంది. మళ్ళా టప్పు. మళ్ళా విజిలు. అవతలోళ్ళు పాయింటు మీద పాయింటు లాగుతున్నారు. పాయింటు పడ్డప్పుడల్లా మర్యాదగా చప్పట్లు, మళ్ళా నిశ్శబ్దం. నేను గీత పక్కన నిలబడి తువ్వాలు నములుతున్నా. రత్నం బంతిని కాదు, తన చేతుల్నే చూసుకుంటున్నాడు. కాసేపట్లో కూలబడతాడు, అచ్చం మాచర్లలోలాగే. ఇంక ఆగలేకపోయా.

"ఒరేయ్ చింతబరికా!"

అరిచింది నేనేనా అని నాకే అనుమానమొచ్చింది. వందల తలకాయలు ఒక్కసారి ఇటు తిరిగినయ్. బంతి ఎవరూ పట్టుకోకుండా దొర్లుకుంటా పోయింది. అంపైరు విజిలు నోట్లోనే ఉండిపోయింది.

"ఎవరది?" అన్నాడు.

"నేనేనండి, వాళ్ళ డ్రిల్లు మాస్టర్నండి."

"మీ పిల్లవాణ్ణి మీరే తిడుతున్నారా?"

"అవునండీ. తిడితేగానీ ఆడరండీ."

ఆయన మొగం చూడాలి! పసిపిల్లల్ని హింసించే రాక్షసుణ్ణి చూసినట్టు చూశాడు. "ఇలాంటి వాళ్ళను మాస్టర్లుగా ఎవరు వేశారండీ!" అని తల పట్టుకున్నాడు. "ఇంకొక్క మాట వచ్చిందంటే బయటికే" అన్నాడు.

కూర్చుందామనే అనుకున్నా, ఒట్టు. కానీ రత్నం నా వైపు చూశాడయ్యా. సరే, ఎట్టాగూ గెంటేస్తారు, పోయేముందు ఒక పెద్ద డోసు ఇచ్చి పోదామని గుండెల నిండా గాలి పీల్చుకున్నా. "చేతులా అవి, ఎండబెట్టిన మునక్కాయలా! కోటిగా, నీ షాటు కంటే మీ గేదె తన్నిన తాపు నయంరా! ఎగరండ్రా ఎద్దుల్లారా!" ఇంకా ఏమేమి అన్నానో గుర్తు లేదు. పుల్లమ్మత్త నేర్పు నాకేడది, సగం తిట్లు తలకిందులుగా వచ్చినయ్. ఒకచోట పొరపాటున 'ఎద్దులాంటి మునక్కాయల్లారా' అన్నట్టున్నా.

వాలంటీర్లొచ్చారు. ఎత్తారు. నా కాళ్ళు గాల్లో ఉన్నయ్, నోరు మాత్రం ఆగలా. ఒక కాన్వాసు బూటు ఊడి గాల్లోకి లేచి ఎటో పోయింది. గేటు దాటించి కింద పెట్టి, "క్షమించండి సార్" అని, లోపల్నించి గడియ పెట్టుకున్నారు. ఆ ఊళ్ళో మర్యాదకి మాత్రం లోటు లేదు.

గేటు పక్కన మరమరాలు అమ్మే తాత ఒకాయన కూర్చున్నాడు. ఒంటి బూటుతో ఉన్న నన్ను చూసి, "ఏం చేశావయ్యా?" అన్నాడు. చెప్పా.

"పిల్లకాయల్ని తిట్టినందుకే తోలేశారా! మా అయ్యవారు దూలానికి వేలాడదీసి కోదండం వేయించినా ఎవురూ ఏమనలేదే" అని బాధపడి, ఒక గుప్పెడు మరమరాలు చేతిలో పోశాడు. అవి పిడికిట్లోనే నానిపోయినయ్, అంత చెమట.

ఇంక నా తిప్పలు చూడండి. లోపల ఏం జరుగుతుందో తెలవదు. చప్పట్లు వినపడతయ్. అవి ఎవరికో తెలవదు! అన్ని చప్పట్లూ ఒకటే మర్యాద! తిట్టే ఊరైతే అరుపును బట్టి ఎవరు గెలుస్తున్నారో ఆరు ఫర్లాంగుల అవతల్నించి కూడా చెప్పొచ్చు. ఇక్కడ విజిలు, చప్పట్లు, నిశ్శబ్దం. విజిలు, చప్పట్లు, నిశ్శబ్దం. ఒకసారి మాత్రం పెద్దగా నవ్వులాంటిది వినపడినట్టయింది. నవ్వా? ఎవర్ని చూసి? నా రత్నాన్నా?

గోడ ఎక్కుదామంటే పైన గాజు పెంకులు. గోడ పక్కన పత్తికట్టె వేసిన ఎద్దుబండి ఒకటి నిలబడుంది. బండాయన తాత దగ్గర మరమరాలు కొనుక్కుంటున్నాడు. అడిగే ఓపిక నాకెక్కడిది? ఎక్కేశా. పత్తికట్టె మీద తూలుకుంటా లేచి నిలబడి చూశా.

కనపడింది! కోర్టు మొత్తం కనపడింది! వెనక నించి బంతి వచ్చింది. రత్నం చేతులెత్తాడు. బంతి లేచింది, గాల్లో కూర్చుంది. కోటయ్య ఎగిరాడు, చెయ్యి వెనక్కి పోయింది, కొట్ట...

బండి కదిలింది.

నేను మొహం బోర్లా పత్తికట్టెలో పడి, అక్కణ్ణించి రోడ్డు మీద పడ్డా. ఆ బంతి లోపల పడిందో బయట పడిందో నాకు తెలవదు! పైన మర్యాదగా చప్పట్లు వినపడుతున్నయ్. నేను రోడ్డు మీద పడుకునే, "ఎవరికయ్యా? ఎవరికి?" అని అరుస్తున్నా. బండాయన వచ్చి, "నీకు కాదులే, లెగు" అన్నాడు.

చివరికి గేటు తెరుచుకుంది. ముందు రత్నం వచ్చాడు. మొగమంతా తడి. కళ్ళు ఎర్రగా ఉన్నయ్. వెనక మిగతావాళ్ళు, తలలు దించుకుని. ఎదురెళ్ళి వాడి భుజం పట్టుకుని, ఉన్న కాస్త గొంతూ కూడదీసుకుని మొదలెట్టా. "ఏడవమాకురా నాన్నా. గెలుపోటములు మన చేతుల్లో లేవు. మీ అమ్మకి నేను చెబుతా. తప్పంతా నాది..."

"సార్," అన్నాడు కోటయ్య, "గెలిచాం సార్."

"ఆఁ?"

"గెలిచాం. మిగతా రెండు గేములూ మనయ్యే."

"మరి వీడి మొగమేందిరా?"

"పంపు కింద తల పెట్టాడు సార్. నవ్వీ నవ్వీ వెక్కిళ్ళు పట్టినయ్."

తలలు దించుకుంది కూడా నవ్వు ఆపుకోటానికంట! ఆ ఎత్తుకుపోటం చూసి, బూటు ఎగరటం చూసి, ముందు కోటయ్యకి నవ్వొచ్చిందంట. తరవాత రత్నానికి. అది చూసి అవతల టీముకి. ఆఖరికి చేతులు కట్టుకున్న వరసలన్నీ నవ్వినయ్యంట. అంపైరు వెనక్కి తిరిగి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడంట. అంత నవ్వాక ఇంక ఎవరిని చూసి భయపడతారు? వేళ్ళు వాటంతటవే మెత్తబడినయ్యంట. నేను పడే ముందు చూసిన షాటు ఉంది చూశారూ, అదే ఆఖరి పాయింటు.

రైల్లో వస్తా నేను కాస్త గర్వంగానే అన్నా, "చూశారా, ఆఖరికి నా తిట్లే పనిచేసినయ్."

పిల్లలు ఒకళ్ళ మొగం ఒకళ్ళు చూసుకున్నారు. రత్నం నసుగుతా అన్నాడు. "సార్, ఒకటి చెబితే కోప్పడరుగా?"

"చెప్పరా."

"పోయినేడు మాచర్లలో కూడా నాకు భయమేసింది జనాన్ని చూసి కాదండి. మిమ్మల్ని చూసి."

"నన్నా? నేనేం చేశాన్రా?"

"ఏమీ చెయ్యరండి. నేను లిఫ్టు లేపినప్పుడల్లా గీత పక్కన మీరు కూడా చేతులెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుంటారు. పెదాలు వణుకుతయ్. బంతి పగిలిపోద్దేమో అన్నట్టు ఉంటది మీ మొగం. అది చూస్తే నా వేళ్ళు బిగుసుకుపోతయ్. ఇయ్యాల మీరు గేటు బైటికి పోయినాక..." అని ఆగి, "చానా హాయిగా ఉందండి" అన్నాడు.

ఒక్కడన్నా కాదంటాడేమోనని అందరి వంకా చూశా. కోటయ్య కిటికీలోంచి మిరపతోటలు చూస్తన్నాడు.

అదీ సంగతి. ఊరందర్నీ పిలిచి పిల్లల భయం పోగొట్టాననుకుంటే, ఆ భయం విజిలు మెళ్ళో వేసుకుని, తెల్ల ప్యాంటు తొడుక్కుని, గీత పక్కనే నిలబడుంది! మరియమ్మ మాత్రం నిన్న ఇంటికొచ్చి, "మీ పుణ్యమాని పిల్లోడు కడుపు నిండా తిని నిద్దరపోయాడయ్యా" అని గోంగూర పచ్చడి ఇచ్చి పోయింది. ఎవరి పుణ్యమో నేను విడమరిచి చెప్పలా.

ఇప్పుడు గుంటూరు మ్యాచీ ఉందిగా. పిల్లలంతా పోయి హెడ్మాస్టరు గారికి మనవి చేసుకున్నారంట. ఆయన ఒప్పుకున్నాడు. వాళ్ళని తీసుకెళ్ళేది ఇదుగో, ఇందాకట్నించీ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడే, మన లెక్కల మాస్టారు, ఈయనే! వాలీబాల్‌కీ ఫుట్‌బాల్‌కీ తేడా తెలవదు. అదే మాకు కావాల్సింది అన్నారంట పిల్లలు.

నన్ను రైల్వే స్టేషను దాకా రానిస్తారంట. అదీ ఒక కండిషను మీద. రైలు కదిలేటప్పుడు ప్లాట్‌ఫారం మీద నవ్వు మొగంతో నిలబడాలంట. సరేనని పొద్దున ఇంట్లో అద్దం ముందు నిలబడి నవ్వటం ప్రాక్టీసు చేశా. అప్పుడే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఒక్క క్షణం నా వంక చూసి, "పన్ను నొప్పా? ఉండండి, లవంగం తెస్తా" అని లోపలికి పోయింది.